తెలుగు లిపి – నిర్వహణ వ్యవస్థ

కంప్యూటరులోని నిర్వహణ వ్యవస్థను మార్చవలెనా, వద్దా అనునది తెలుగువారికి ఒకప్పుడు లిపికి సంబంధించిన ప్రశ్న. 1991నాటి యూనికోడ్ తొలి ప్రమాణములోనే తెలుగు అక్షరములకు సంఖ్యలు లభించినవి. అయితే వాటినుండి గుణింతములను, వత్తులను కూర్చుట విండోస్ 98కు తనంతట చేతకాలేదు. కనుక హైదరాబాదు ముద్రణాలయములలో ఆంగ్ల సంకేతములకే తెలుగు రూపములు తొడిగిన ఫాంట్లను వాడిరి. 2001లో విండోస్ ఎక్స్‌పీ, గౌతమి ఫాంటుతో ఈ కొరత తీర్చినది. కాని పాత ప్రతిని, దాని ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో కనబడునవి అర్థములేని రోమను గుర్తులే! చిత్రమేమనగా, కొత్త వ్యవస్థ తెలుగు నేర్చినది గాని పాత తెలుగును చదువలేదు. అట్లని మార్చక ఊరకుండుటయు క్షేమము కాదు. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి ఉచిత భద్రతా సవరణలు నిలిచినవి. పాత ప్రతులన్నియు యూనికోడ్‌లోకి మారువరకు పాత యంత్రమును అంతర్జాలమునకు కలుపక ఉంచుకొనుట మేలు.