28 నెంబరు టైరు తవారీఖ్

మొన్న ఆదివారం మగ్‌రిబ్ వేళకి మా భాంజా హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. గొంతులో కంగారు.

"మామూ, టైరు పేలింది. చెవులు ఇంకా గుయ్‌మంటున్నాయి."

వాడు సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తాడు. ఆరు నెలల కిందట ఒక దోస్తు దగ్గర పాత రోడ్ బైక్ కొన్నాడు. అదే, కిందికి వంగిన హ్యాండిలూ సన్న టైర్లూ ఉండే రేసు సైకిల్. వెనక టైరు పక్కలు బీటలు వారి, లోపలి దారాలు కనిపిస్తున్నాయట. టైరు మీద 28 అని ఉంది కదా అని, దగ్గర్లోని దుకాన్‌కి వెళ్లి "28 నెంబరు టైరు" అడిగి తెచ్చుకున్నాడు. కొంచెం లావుగా ఉందనిపించింది కానీ, చేత్తోనే సుళువుగా ఎక్కేసరికి ఖుషీ అయిపోయాడు. చక్రాన్ని నేల మీద పెట్టి పంపు కొడుతుంటే టైరు ఒక పక్క రిమ్ము దాటి బయటికి వచ్చింది, ట్యూబు ఉబ్బి ఢామ్మంది. అల్లా దయ, కంటికేం కాలేదు.

"నీకు వాళ్లు ఇచ్చింది 28 నెంబరే బేటా. నీకు కావలసింది కూడా 28 నెంబరే. కానీ ఆ రెండూ ఒకటి కావు" అన్నాను.

ఈ మాట వాడికి ఫోన్‌లో అర్థం కాలేదు. దోస్తులారా, అందుకే ఇది రాస్తున్నాను. రాయడానికి ఇంకో వజహ్ కూడా ఉంది, అది చివర్లో చెబుతాను.

మా అబ్బా మర్హూంకి నరసరావుపేటలో సైకిల్ దుకాన్ ఉండేది. అద్దె సైకిళ్లు ఎనిమిది, నీళ్ల తొట్టి ఒకటి, పంపు ఒకటి, గోడకి వేలాడే పాత టైర్లు. ఆయన బడి మొహం చూడలేదు. అయినా గిరాకీ ఎవరైనా టైరు అడిగితే ముందు పాత టైరు తెమ్మనేవారు. దాని పక్కన ఉబ్బెత్తుగా అచ్చు వేసిన అంకెల మీద బొటనవేలు పెట్టి చూసేవారు. "నోటితో చెప్పేది గిరాకీ మాట. ఇక్కడ రాసింది టైరు మాట. టైరు మాటే నమ్మాలి" అనేవారు. ఆ టైరు మాట వెనక ఎంత పొడుగు కిస్సా ఉందో నాకు చాలా కాలం తర్వాత చదివితే గానీ తెలియలేదు.

రబ్బరు అమెరికా ఖండపు అడవుల చెట్టు పాలు. ఎండకి కారిపోవడం, చలికి పెళుసెక్కడం దాని స్వభావం. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికన్ దాన్ని గంధకంతో కలిపి కాస్తే గట్టిపడుతుందని, సాగే గుణం మాత్రం పోదని కనిపెట్టాడు. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లాండ్ కుర్రాడు గాలి నింపిన చక్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అది గుర్రబ్బండి కోసం. లోపల రబ్బరు పూసిన గుడ్డ గొట్టం, పైన తోలు. అప్పటికి సైకిలే సరిగ్గా పుట్టలేదు. అవసరం కంటే ముందొచ్చిన హునర్‌ని ఎవరూ పట్టించుకోలేదు, లోకం దాన్ని మరచిపోయింది.

నలభై ఏళ్ల తర్వాత, 1887లో, బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు కొడుకు మూడు చక్రాల సైకిల్ గతుకుల్లో కుదిపేస్తోందని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. మరుసటి ఏడాది పేటెంట్ వచ్చింది. 1889లో విలీ హ్యూమ్ అనే రేసుగాడు ఆ టైర్లతో బెల్‌ఫాస్ట్ పందేలు గెలిచేసరికి సైకిళ్ల లోకమంతా అటు తిరిగింది. తర్వాత థామ్సన్ పాత కాగితం బయటపడి డన్‌లప్ పేటెంట్ చెల్లకుండా పోయింది. కంపెనీ మాత్రం బతికింది. ఎందుకు బతికిందో తెలిస్తే మన భాంజా టైరు ఎందుకు పేలిందో తెలుస్తుంది.

డన్‌లప్ టైరుకి ఒక పెద్ద ఐబ్ ఉంది. దాన్ని రిమ్ముకి జిగురుతో అంటించేవారు. పంక్చర్ అయితే మొత్తం పీకాలి, అతికి మళ్లీ అంటించాలి, ఆరనివ్వాలి. 1890లో చార్ల్స్ కింగ్‌స్టన్ వెల్చ్ అనే ఇంగ్లీషు ఆయన టైరు రెండు అంచుల్లోనూ సాగని ఇనుప తీగ చుట్టు పెట్టాడు. రిమ్ము మధ్యలో పల్లం చేశాడు. ఒక పక్క తీగని పల్లంలోకి నొక్కితే రెండో పక్క పైకి లేస్తుంది, టైరు ఊడుతుంది. గాలి నింపితే తీగ రిమ్ము అంచు మీద బిగుసుకుంటుంది. అదే ఏడాది బార్ట్‌లెట్ అనే ఆయన రిమ్ము అంచుల్ని లోపలికి వంచి టైరుని పట్టుకునేలా చేశాడు. డన్‌లప్ కంపెనీ ఈ ఇద్దరి పేటెంట్లూ కొనుక్కుంది. ఈ రోజు మీ ఇంటి ముందున్న సైకిల్ టైరు, అది వెయ్యిదైనా పదివేలదైనా, వెల్చ్ తీగ మీదే నిలబడుతుంది.

అసలు సంగతి ఇక్కడుంది. తీగ సాగదు. కాబట్టి తీగ చుట్టు ఎంతో, రిమ్ము మీద అది కూర్చునే చోటు అంతే ఉండాలి. టైరు ఎత్తు, లావు, పువ్వులు ఇవన్నీ తర్వాతి మాటలు. మొదటి హిసాబ్ తీగదే.

పాతకాలం వాళ్లు టైరుని తీగతో కాకుండా బయటి కొలతతో పిలిచారు. నేల తాకే చోట అడ్డంగా కొలిస్తే సుమారు 28 అంగుళాలు ఉంటే అది 28 నెంబరు. ఫ్రాన్సు వాళ్లు దాన్నే 700 మిల్లీమీటర్లు అన్నారు. అయితే బయటి కొలత ఒకటే ఉంచి టైరుని లావు చేయాలంటే లోపల రిమ్ము చిన్నది కావాలి. అందుకని సన్న టైరుకి 700ఏ, మధ్య రకానికి 700బి, లావుదానికి 700సి అని పేర్లు పెట్టారు. ఏ రిమ్ము 642 మిల్లీమీటర్లు, బి 635, సి 622. కాలం గడిచేకొద్దీ సి రిమ్ముకే సన్న టైర్లు చేయడం మొదలెట్టారు. బయటి కొలత మారిపోయింది, పేరు మాత్రం మిగిలిపోయింది. నేటి రోడ్ బైక్ నూటికి తొంభై పాళ్లు 700సి, అంటే 622.

మరి మన బాబాయిలూ చాచాలూ తొక్కిన ఆ నల్లటి పెద్ద సైకిల్? పాల క్యాన్లు మోసింది, పోస్టుమన్ తొక్కింది? దాని టైరు మీద 28 ఇంటూ ఒకటిన్నర అని ఉంటుంది. దాని రిమ్ము 635. ఇంగ్లీషు వాళ్ల హయాంలో మన దేశానికి వచ్చిన కొలత అది, ఇప్పటికీ పల్లెల్లో నడుస్తోంది. 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ పెట్టాక టైర్లు ఇక్కడే తయారవడం మొదలైంది.

ఇక మా వాడి సైకిల్ మీద 700 ఇంటూ 28సి అని ఉంది. అక్కడ 28 అంటే అంగుళాలు కావు, టైరు లావు 28 మిల్లీమీటర్లు. దుకాన్‌దారు ఇచ్చింది 28 అంగుళాల 635 టైరు. రిమ్ము 622. పదమూడు మిల్లీమీటర్లు వదులు. అందుకే చేత్తో ఎక్కింది, అందుకే పేలింది. దుకాన్‌దారు మోసం చేయలేదు, మా వాడు అబద్ధం చెప్పలేదు. నూరేళ్ల పేర్ల గందరగోళం వాడి గదిలో పేలింది.

కాబట్టి టైరు మార్చే ప్రతి ఒక్కరికీ నా నసీహత్ ఇది. అంగుళాలు వదిలేయండి. పాత టైరు పక్కన అడ్డగీతతో కలిపిన రెండు అంకెలు వెతకండి, 28-622 లాంటివి. మొదటిది లావు, రెండోది తీగ కూర్చునే చోటు. రెండోది ఒక్క మిల్లీమీటరు కూడా మారకూడదు. 26 నెంబరు పిల్లల సైకిళ్లకి కూడా ఇదే జాగ్రత్త. ఆ పేరు మీద 559, 584, 590 అని వేర్వేరు రిమ్ములున్నాయి.

మొదటి అంకె మార్చుకోవచ్చు, ఫ్రేములోనూ బ్రేకుల మధ్యా చోటు ఉన్నంతవరకే. ఒకప్పుడు రేసుగాళ్లు 23 మిల్లీమీటర్ల టైరులో రాయిలా గాలి కొట్టేవారు, గట్టిగా ఉంటేనే వేగం అనుకునేవారు. గడచిన పది పదిహేనేళ్లలో వాళ్లే 25కి, 28కి, ఇంకా పైకి వచ్చారు. గతుకుల రోడ్డు మీద మరీ గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఆ ఎగరడంలో తొక్కినవాడి మేహనత్ జాయా అవుతుంది. మన రోడ్లకి 28 పడితే 28, 32 పడితే 32 వేసుకోండి. డెబ్భై కిలోల మనిషికి 28 టైరులో డెబ్భై, ఎనభై పౌండ్ల గాలి చాలు, ముందు చక్రానికి కాస్త తక్కువ. టైరు మీద రాసిన గరిష్ఠ హద్దు మాత్రం దాటకండి. కొత్త రకం రిమ్ములు కొన్నిటికి లోపలికి వంగిన అంచు ఉండదు. వాటికి దానికోసం తయారైన ట్యూబ్‌లెస్ టైరే వేయాలి, గాలి 5 బార్లు, అంటే సుమారు 72 పౌండ్లు మించకూడదు. పువ్వులు లేని నున్నటి టైరు వానలో జారుతుందేమో అని భయపడకండి. సన్నటి సైకిల్ టైరు కారు టైరులా నీటి మీద తేలదు. తారు రోడ్డుని పట్టేది రబ్బరే, పువ్వులు కాదు. టైరు మధ్యలో చదునుగా అరిగినా, దారాలు కనిపించినా, పక్కలు బీటలు వారినా మార్చేయండి. ముందు చక్రానికి ఎప్పుడూ మంచి టైరు ఉండాలి. వెనకది పేలితే సైకిల్ ఊగుతుంది, ముందుది పేలితే మనిషి పడతాడు.

ఇప్పుడు ఆ రెండో వజహ్.

ఒకసారి ఆఫీసు దోస్తులతో సైకిళ్ల మీద వెళ్తుంటే ఒకడికి పంక్చర్ అయిందట. మా వాడు ఐదు నిమిషాల్లో సరిచేశాడు. అందరూ శభాష్ అన్నారు. ఒకడు మాత్రం నవ్వుతూ "మీవాళ్ల ఖాందానీ పనే కదా" అన్నాడట. ఈ మాట ఏ అర్థంతో అంటారో మనకి తెలుసు. మా వాడికి గొంతులో ముల్లు పడినట్టయింది. "మా నానాది బిజినెస్" అని చెప్పాడట. ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాడు, అందుకే నాతో అన్నాడు.

బేటా, ఇది నీ కోసం రాస్తున్నా. 1889లో ఫ్రాన్సులోని క్లెర్మాఁ-ఫెరాఁలో మిషెలిన్ అన్నదమ్ముల రబ్బరు కార్ఖానా ముందుకి ఒక ముసాఫిర్ పంక్చర్ అయిన డన్‌లప్ టైరుతో వచ్చాడు. అతకడానికి మూడు గంటలు, ఆరడానికి ఒక రాత్రి పట్టింది. పొద్దున్నే తమ్ముడు ఎడ్వార్డ్ ఆ సైకిల్ ఎక్కి చూస్తే కొన్ని వందల మీటర్లకే మళ్లీ గాలి పోయింది. అయినా ఆయన పంక్చర్ పనిని ఛీ అనలేదు, దాన్ని ఎలా సులువు చేయాలా అని ఆలోచించాడు. 1891లో ఊడదీసి బిగించే టైరు తెచ్చాడు. ఆ ఏడే పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగొచ్చే సుమారు 1200 కిలోమీటర్ల పందెంలో షార్ల్ తెరాఁ ఆ టైర్లతోనే గెలిచాడు. మరుసటి ఏడాది తమ పందెంలో ఆ కంపెనీ వాళ్లే దారిలో మేకులు చల్లించారు, తమ టైరు ఎంత తేలిగ్గా బాగవుతుందో చూపించడానికి! మన పంక్చర్ దుకాన్ల వాళ్ల మీద వేసే నిందని వాళ్లు గర్వంగా చేశారు. వాళ్లని లోకం పారిశ్రామికవేత్తలు అంది. మీ నానా జీవితంలో ఒక్క మేకు కూడా చల్లలేదు. రోడ్డు మీద కనిపించిన మేకుల్ని ఏరి డబ్బాలో వేసేవారు.

సిగ్గుపడాల్సిన చేతులు ఈ తవారీఖ్‌లో వేరే ఉన్నాయి. యూరప్‌కీ అమెరికాకీ సైకిల్ పిచ్చి పట్టిన ఆ 1890లలోనే, రబ్బరు గిరాకీ పెరిగి, బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ కాంగోలో చేయించిన జుల్మ్ అది. అడవి తీగల నుంచి చెప్పినంత రబ్బరు తేలేని ఊళ్లని తగలబెట్టారు, మనుషుల చేతులు నరికారు. 1904లో కేస్‌మెంట్ నివేదిక బయటికొచ్చింది, 1908లో రాజు చేతిలోంచి కాంగో పోయింది. రబ్బరు అమ్మి కోట్లు గడించినవాళ్ల పేర్ల ముందు బిరుదులున్నాయి. అతికి అర్ధరూపాయి తీసుకున్నవాడి పేరు వెక్కిరింత అయింది. ఏది ఇజ్జత్, ఏది జిల్లత్ అన్నది నువ్వే హిసాబ్ వేసుకో.

ఆ అర్ధరూపాయిలతోనే మీ అమ్మీ డిగ్రీ చదివింది. ఆమె చదువు నిన్ను చదివించింది.

నిన్న వాడు మళ్లీ ఫోన్ చేశాడు. 28-622 టైరు తెచ్చాడట, ఈసారి చేత్తో ఎక్కలేదట, చెమటలు పట్టాయట. "మామూ, నానా టైరు విప్పే ఇనుప పట్టీలు నీ దగ్గరున్నాయన్నావు కదా, పంపిస్తావా?" అని అడిగాడు.

"పంపిస్తాను. కానీ నీది అల్యూమినియం రిమ్ము, ఇనుపవి వాడితే గీతలు పడతాయి. ప్లాస్టిక్‌వి కొనుక్కో" అన్నాను.

"వాడటానికి కాదు మామూ. ఆఫీసులో బల్ల మీద పెట్టుకుంటాను. ఎవరైనా ఏమిటివి అని అడిగితే చెబుతాను" అన్నాడు.