శివకాశి పార్లమెంటు నియోజకవర్గము – మన ఓటు

తాయిల్పట్టి చుట్టుపట్ల నల్లరేగడి పల్లెలలో తరతరములుగా నిలిచిన మన తెలుగు కుటుంబములకు శివకాశి యనగానే బాణసంచా, అగ్గిపెట్టెలు, అచ్చుకూటములు జ్ఞప్తికి వచ్చును. ఆ పేరుతోనే ఒక లోకసభ నియోజకవర్గము నలువదియేండ్లకు పైగా నిలిచి, 2008 నాటి పునర్విభజనతో అంతరించినదని మన పిల్లలలో పెక్కుమంది యెరుగరు. దాని చరిత్రను, అందు మన పాలును సంగ్రహముగా చెప్పదలచితిమి.

అంతకు పూర్వము ఈ సీమలో శ్రీవిల్లిపుత్తూరు నియోజకవర్గము ప్రసిద్ధము. 1952లో అచటినుండి కామరాజు గారు లోకసభకు ఎన్నికై, 1954లో మదరాసు ముఖ్యమంత్రి యైరి. 1957లో ఆ స్థానమునకు ఇద్దరు సభ్యులు. ముత్తురామలింగ తేవరు గారును, ఆర్.ఎస్. ఆరుముగము గారును ఎన్నికైరి. ద్విసభ్య పద్ధతి 1961లో రద్దయినది. పిమ్మట 1967 ఎన్నికల నాటికి శివకాశి ఏకసభ్య నియోజకవర్గముగా అవతరించెను.

తొలి విజయము స్వతంత్ర పార్టీ నక్షత్రమునకు దక్కెను. ఆ పార్టీకి 1959లో తొలి అధ్యక్షులు మన నిడుబ్రోలు రంగా గారే. ఎన్నికైనవారు పి. రామమూర్తి గారు. అదే సభలో మదురై సభ్యులైన మార్క్సిస్టు నాయకుల పేరును పి. రామమూర్తియే, పేరొక్కటి, పక్షములు వేరు. ఆ యేడే విరుదునగరు శాసనసభ స్థానమున కామరాజంతటివారు 1,285 ఓట్ల తేడాతో ఓడిరి.

1971, 1977 సంవత్సరములలో కాంగ్రెసు పక్షమున వి. జయలక్ష్మి గారు గెలిచిరి. 1980లో తమిళనాట 39 స్థానములలో అన్నా ద్రావిడ మున్నేట్ర కళగమునకు దక్కినవి రెండే: గోబిచెట్టిపాళయము, శివకాశి. నాడు గెలిచిన ఎన్. సౌందరరాజన్ గారు 1984లోను గెలిచిరి. అదే పక్షమున 1989లో కె. కాళిముత్తు గారు, 1991లో కంగా గోవిందరాజులు గారు, 1996లో కమ్యూనిస్టు పక్షమున వి. అళగిరిసామి గారు, 1998, 1999లలో మరుమలర్చి ద్రావిడ మున్నేట్ర కళగ నాయకులు వైగో గారు, 2004లో అదే కళగమునకు చెందిన ఎ. రవిచంద్రన్ గారు ఎన్నికైరి. ఇట్లు పదునొకండు ఎన్నికలు, ఎనిమిదిమంది సభ్యులు, అయిదు పక్షములు. ద్రావిడ మున్నేట్ర కళగము మాత్రము ఇచట ఒక్కమారైనను గెలువలేదు.

తెలుగువారి ఓటంతయు ఒక మూటయని కొందరందురు. ఈ పట్టికయే దానికి జవాబు. వైగో గారు తెలుగు మూలము గల కుటుంబమువారు. వారే ఇచట 1996లో ఓడి, 1998లో గెలిచిరి. మారినది పొత్తులే గాని ఊళ్లు కావు. వానలకు, గిట్టుబాటు ధరకు, కర్మాగారములలో కూలికి మన పొరుగువారెట్లు ఓటు వేసిరో మనమును అట్లే వేసితిమి.

1989లో గుమాస్తాగా పోలింగు పనికి సాత్తూరు దాపున ఒక పల్లెకు పోయితిమి. ఒక ముదుసలి ఓటుకాగితము చేతబట్టుకొని, "నాయనా, ముద్ర యాడ గుద్దాల?" అని మెల్లగా అడిగినది. "నీకు నచ్చిన బొమ్మమీద అవ్వా" అంటిమి. ఏజెంట్లు లేచి యేమి చెప్పితిరని నిలదీసిరి. ఆ మాటనే తమిళమున మరల చెప్పితిమి, వారు కూర్చుండిరి. అవ్వ ముద్ర గుద్ది పోయినది. వారి అడుగుట న్యాయమే; అయినను మన మాట ఆ గదిలో పరాయిదైనదని నాడు తోచినది.

ఒకటవ తరగతి మొదలు యేటేట పైతరగతికి తమిళమును విధిపాఠముగా చేసిన చట్టము 2006లో వచ్చెను. అప్పటికి మన నియోజకవర్గము బ్రదికియే యున్నది. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. దానిని నేర్వవలదని మేమనము. కాని తెలుగు పాఠము గతి యేమని మన వాకిటికి వచ్చిన అభ్యర్థిని మనలో ఎందరము అడిగితిమి? మేమును అడుగలేదు.

నేడు కోవిల్పట్టి తూత్తుక్కుడిలోను, రాజపాళయము తెన్కాశిలోను, సాత్తూరు, శివకాశి విరుదునగరులోను కలవు. బంధువులము మూడు స్థానములకు చీలితిమి. ఇట్లుండగా మన సంఖ్య అల్పము, మన ఓటుతో యేమగునని నిట్టూర్చువారు కలరు. 2024లో విరుదునగరున గెలుపోటముల తేడా 4,379 ఓట్లే యని వారు గమనింతురు గాక.

ఓటు ఎవరి ఇష్టము వారిది. అది ఒక్కటి కానక్కరలేదు. మా బిడ్డకు మా అక్షరములు నేర్పింతురా యను ప్రశ్న మాత్రము మూడు నియోజకవర్గములలోను ఒక్కటిగా వినబడవలెనని మా ప్రార్థన.