అంచె పరుగు - శీతకాలపు సాధన

పావగడ తాలూకా కర్ణాటక రాష్ట్రములోని భూమియే యైనను, దానిని చాలవరకు ఆంధ్రదేశమే చుట్టుకొని యున్నది. ఒక దిక్కున మడకశిర, మరియొక దిక్కున పెనుగొండ, ఇంకొక దిక్కున కల్యాణదుర్గము. ఇంటిలో తెలుగు, కచ్చేరిలో కన్నడము, సంతలో రెండును. ఇట్టి చోట పుట్టి పెరిగినవారికి ఒకే మాట రెండు భాషలలో రెండు విధములుగా వినబడుచుండును. పరుగును కన్నడిగులు 'ఓట' అందురు. పరుగుపందెము వారికి 'ఓటద స్పర్ధె'. పాఠశాల మైదానమున ఆ మాట రాసిన పలక చూచి, చిన్ననాడు మేము దానిని ఓటమికై జరుగు పోటీ యనుకొని నవ్వుకొనెడివారము. రెండవ మాట 'అంచె'. కన్నడమున దాని యర్థము తపాలా. తెలుగున అంచె యనగా మజిలీ. ఒకడు మోసికొనివచ్చిన దానిని మరియొకడు అందుకొను తావు. అంచెలంచెలుగా అని మనము నిత్యము వాడు పలుకుబడి దీనినుండి కలిగినదే. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన పరుగు చరిత్ర యంతయు ఈ రెండవ మాటను పట్టుకొని నడచును.

మన దేశమున పరుగు మొదట వినోదము కాదు, ఉద్యోగము. 14వ శతాబ్దమున మహమ్మదు బిన్ తుగ్లకు పాలనలో ఈ దేశమునకు వచ్చిన ఇబ్ను బతూతా, కాలినడక తపాలాను ఆశ్చర్యముతో వర్ణించినాడు. ఒక్కొక్క మైలునకు మూడేసి మజిలీలు. ప్రతి మజిలీ యందును నడుము బిగించి సిద్ధముగా నుండు మనుష్యులు. పరుగెత్తువాని ఒక చేత ఉత్తరము, మరియొక చేత రెండు మూరల కఱ్ఱ, దాని కొనకు రాగి గంటలు. గంటల సవ్వడి చెవిని పడగనే తరువాతివాడు లేచి నిలుచును. ఇది గుఱ్ఱపు తపాలాకన్న వేగమైనదని అతడు రాసినాడు. ఖురాసాను పండ్లును, దౌలతాబాదులోనున్న సుల్తానునకు గంగాజలమును ఈ రీతిగానే చేరుచుండెనట! ఒక్కడు పరుగెత్తునది మైలులో మూడవ పాలే కాని, ఆ మూడవ పాలును పూర్తి బలముతో పరుగెత్తవలెను.

మైసూరు రాజ్యమున ఈ పద్ధతి 17వ శతాబ్దమున చిక్కదేవరాజ ఒడెయరు కాలమున రూపము దాల్చినది. దివాను పూర్ణయ్య దానిని విస్తరింపజేసెను. 'మైసూరు అంచె' యను పేర అది 1889 వరకు స్వతంత్రముగా నడచి, ఆ సంవత్సరమున బ్రిటిషు తపాలాశాఖలో కలిసిపోయినది. తరువాతను చాల యేండ్లు కొండదారులలో, బండిబాట లేని పల్లెలలో తపాలా బంటులు సంచి భుజమున వేసికొని పరుగెత్తుచునే యుండిరి.

ఆ బంటు పరుగునకు లక్ష్యము కలదు గాని అది అతడు నిర్ణయించుకొన్నది కాదు. ఏ వేళకు ఏ మజిలీ చేరవలెనో సర్కారు నిర్ణయించెను. ఆలస్యమైనచో జీతము తెగును. తన ఇష్టము చొప్పున తనకొక గడువు పెట్టుకొని, కూలి లేకుండ, ఎవరును పంపకుండ పరుగెత్తు మనుష్యుని ఆ దినములలో చూచినవారు వానికి పిచ్చియెత్తినదనియే యనుకొనియుందురు. ఔత్సాహికుడను వాడు మన చరిత్రలో కడు ఆలస్యముగ వచ్చినవాడు.

వచ్చిన తొలినాడు వానికి గడియారమే తెలియదు. 1919లో పుణెలో డెక్కన్ జింఖానా వారు ఆటలపోటీలు జరిపిరి. అధ్యక్షులు సర్ దోరాబ్జీ టాటా. దూరపు పరుగులలో దిగినవారు చాలవరకు రైతుబిడ్డలు, పాదరక్షలు లేనివారు. వారి పరుగు చూచి టాటాగారు, వీరిని ఆంట్వెర్పులో జరుగనున్న ఒలింపిక్ పోటీలకు పంపవలెనని తలచిరి. అయితే నూరు మీటర్ల పరుగునకు ఎంత కాలము పట్టిన చాలునని అడిగినప్పుడు, నిర్వాహకులలో ఒక పెద్ద నిమిషముల లెక్కన బదులు చెప్పెనట! నిమిషములు కావు, సెకండ్లు, సెకండులో పదవ పాలు కూడ లెక్కింతురని విని ఆయన నిర్ఘాంతపోయెనట.  దీనిని తలచుకొని నవ్వువారు చాలమంది కలరు. మేము నవ్వము. కొలత తెలియక పోయినను కాళ్ళు మాత్రము సిద్ధముగా నున్నవి గదా!

ఆ జట్టులో బెళగావి వాడైన ఫడెప్ప దరెప్ప చౌగులె కలడు. 1920లో ఆంట్వెర్పు మారథానులో అతడు 2 గంటల 50 నిమిషముల 45 సెకండ్లలో గమ్యము చేరి, 19వ వాడుగా నిలిచెను. నేడు మారథాను దూరము 42.195 కిలోమీటర్లని స్థిరపడియున్నది గాని, నాటి బాట 42.75 కిలోమీటర్లు, అనగా అరకిలోమీటరు ఎక్కువయే. గుమాస్తాపని చేసి విశ్రాంతి పొందినవారము కనుక మాకు అంకెలనిన మక్కువ. లెక్క కట్టి చూచితిమి. చౌగులె కిలోమీటరునకు సుమారు 4 నిమిషముల చొప్పున పరుగెత్తినాడు. ఆ చొప్పున 1,600 మీటర్లకు పట్టినది 6 నిమిషముల 23 సెకండ్లు. ఈ అంకెను చదువరులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన.

ఏలననగా 1,600 మీటర్లు మా తాలూకాలో ఎన్నో యిండ్ల అన్నము. వానలు తక్కువ, వేరుసెనగ పంట వచ్చినయేడు వచ్చును, రానియేడు రాదు. తిరుమణి ప్రాంతమున 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము 2019 నాటికి పూర్తియైనది. మా ఎండకు వెల వచ్చినది గాని, ఇంటింటికి ఉద్యోగము రాలేదు. కనుక యువకునికి బెంగుళూరు బస్సు ఒక దారి, పోలీసుశాఖయో సైన్యమో మరియొక దారి. కర్ణాటక పోలీసు ఎంపికలలో పురుషులు 1,600 మీటర్లను 6 నిమిషముల 30 సెకండ్లలోపలను, స్త్రీలు 400 మీటర్లను 2 నిమిషములలోపలను పరుగెత్తవలెను. సైన్యపు అగ్నివీరుల పోటీలో 1,600 మీటర్లను 5 నిమిషముల 30 సెకండ్లలోపల ముగించినవానికి పూర్తి 60 మార్కులు. సరిహద్దు రాయి దాటి ఆంధ్రప్రదేశమునకు పోయినచో, అచ్చటి ఇటీవలి కానిస్టేబులు ఎంపికలో పురుషులకు ఇదే 1,600 మీటర్లకు 8 నిమిషముల వ్యవధి యిచ్చిరి. మా తాలూకాలో కొన్ని పల్లెలవారికి ఆ రాయి చేనిగట్టు దూరముననే యున్నది! ఒకే నీరు త్రాగి, ఒకే భాష మాటలాడు ఇద్దరు పిల్లల నడుమ ఒకటిన్నర నిమిషము తేడా. ఎవరి న్యాయము వారిది. మేము దానిని గూర్చి వాదింపబోము.

చౌగులె సంగతి యిప్పుడు తెలిసినది గదా. మా పిల్లలు ఒక్కమారు పరుగెత్తి రొప్పుచు నేలకొరుగు 1,600 మీటర్లను, అతడు అంతకన్న వేగముగా ఇరువదియారు మారులు వరుసగా పరుగెత్తి, ఆపైన మరికొంత దూరము పోయినాడు. అతని గుండె, ఊపిరి, కాళ్ళు ఏ విధముగా తయారైనవో ఆలోచించినవారికి సాధనలోని కీలకము తెలియగలదు.

ఆ కీలకమును శాస్త్రముగా గాక అనుభవముగా నిరూపించినవాడు న్యూజీలాండువాడైన ఆర్థర్ లిడియార్డు. అతడు చెప్పుల కార్ఖానాలో పనిచేసినవాడు, తానును ఔత్సాహిక పరుగువాడే. తన శరీరముపైననే సంవత్సరముల తరబడి ప్రయోగము చేసి, పందెమునకు ముందు నెలలలో వారమునకు 100 మైళ్ళు పరుగెత్తవలెననియు, అదియును రొప్పు రాకుండ పరుగెత్తవలెననియు నిర్ణయించెను. అతని పేటలోని కుఱ్ఱవాండ్రు ఆదివారము కొండదారిని 22 మైళ్ళు పోవుచుండిరి. వారిలో పీటర్ స్నెల్ పందెము 800 మీటర్లు మాత్రమే! ఎనిమిదివందల మీటర్లకు ఇరువదిరెండు మైళ్ళా యని నాటి పండితులు ఎగతాళి చేసిరి. 1960 సెప్టెంబరు 2వ తేదీన రోములో, సుమారు ఒక గంట వ్యవధిలో, స్నెల్ 800 మీటర్లలోను, అదే గురువు శిష్యుడైన మరీ హాల్బెర్గు 5,000 మీటర్లలోను స్వర్ణపతకములు గెలిచిరి. ఎగతాళి ఆగిపోయినది.

మా యూరి యువకుడొకడు సరిగా ఆ పండితుల ప్రశ్ననే మమ్ము అడిగినాడు. "పదారునూరు మీటర్లకు పది మైళ్ళు యాల ఉరకల్ల సార్?" అని. ప్రశ్న న్యాయమైనదే. ఆరు నిమిషముల పరుగులో దేహమునకు కావలసిన శక్తిలో అధికభాగము పీల్చిన ప్రాణవాయువు మూలముననే పుట్టును. ఆ వాయువును కండలకు చేర్చు సన్నని రక్తనాళములు దీర్ఘమైన, నెమ్మదియైన పరుగువలన పెంపొందును. రెండు వారములలో గాదు, నెలలలో. ఊపిరి త్వరగా లొంగును, ఎముక ఆలస్యముగా లొంగును. పరీక్ష తేదీ వెలువడిన పిదప మేల్కొని ప్రతిదినము 1,600 మీటర్లను ప్రాణముపెట్టి పరుగెత్తువారు మూడవ వారమున ముంగాలి ఎముక నొప్పితో కుంటుచుందురు. బోరునీటిలోని ఫ్లోరైడు మా తాలూకా ప్రజల పండ్లకును కీళ్ళకును చేసిన కీడు వైద్యులెరిగినదే. అట్టి చోట తారురోడ్డుపై తొందరపాటు పనికిరాదు. శెనక్కాయ పీకిన చేల నడుమ మట్టిబాటలున్నవి, అవి మేలు. పినాకిని ఇసుక చూచుటకు మెత్తన గాని పిక్కలను పీకివేయును.

పడమటి దేశములవారికి శీతకాలము పరుగునకు శత్రువు. అమెరికాలో బోస్టను మారథాను 1897లో 15 మందితో మొదలైనది. అది ఏప్రిల్ మాసమున జరుగును కనుక, దానికి సాధన చేయువారు డిసెంబరు, జనవరి మంచులో పరుగెత్తక తప్పదు. జెకోస్లొవేకియా సైనికుడు ఎమిల్ జాటోపెక్ బరువైన సైనికపు బూట్లతో మంచు అడవులలో పరుగెత్తి, 1952లో హెల్సింకీలో 5,000, 10,000 మీటర్లతో పాటు మారథాను కూడ గెలిచెను. అది అతని జీవితమున మొట్టమొదటి మారథాను. మనకు శీతకాలము మిత్రము. వేసవిలో గుండె కండలకే గాక చర్మమును చల్లార్చుటకును రక్తము పంపవలెను. అదే వేగమునకు రెట్టింపు శ్రమ తోచును. కార్తికము మొదలు మాఘము వరకు మా పావగడలో వేకువన ఆ బాధ లేదు. ధనుర్మాసమున గుడిగంట మ్రోగు వేళకు లేచినవానికి రెండు గంటలు చల్లని కాలము ఉచితముగా లభించును. ముంబయి మారథాను 2004లో మొదలై, ఇప్పుడు జనవరి మాసపు మూడవ ఆదివారమున, అనగా సంక్రాంతి వెళ్ళిన వెంటనే జరుగుచున్నది. ధనుర్మాసము ముగియుట, పందెము వచ్చుట ఒక్కమారే! బెంగుళూరున 2008 నుండి జరుగు పది కిలోమీటర్ల పందెము వేసవిలో వచ్చును గాని, దానికి పునాది పడవలసినది ఈ చలిలోనే.

ఈ పందెములలో పరుగెత్తువారిలో గెలువగలవారు పదిమంది యుందురేమో. తక్కిన వేలమంది తమ నిరుటి కాలముతోనే పోటీ పడుదురు. బ్యాంకు గుమాస్తాలు, ఉపాధ్యాయినులు, మనుమలను ఎత్తినవారు కూడ కలరు. స్త్రీలకు ఒలింపిక్ మారథాను 1984 వరకు లేనేలేదు. ఇప్పుడు మా యూరి రోడ్డుపై ఆడపిల్లలు జతలుగా తెల్లవారుజామున పరుగెత్తుచుండగా పాలవాడు కూడ తలత్రిప్పి చూడడు. పాదరక్షల విషయమున ఒక మాట. 1960లో రోములో అబెబె బికిలా వట్టికాళ్ళతో మారథాను గెలిచెనని మా పిల్లలు చెప్పుకొందురు. నిజమే. కాని 1964లో టోక్యోలో అతడే బూట్లు తొడిగి, అంతకన్న మూడు నిమిషములు ముందుగా పరుగెత్తి, మరల గెలిచినాడు.

పై ప్రశ్న అడిగిన యువకుడు నిరుడు తన పరుగును ఫోనులో కొలిచికొని చూడగా 6 నిమిషముల 41 సెకండ్లు వచ్చినది. పదునొకండు సెకండ్లు ఎక్కువ. పదునొకండు సెకండ్లకై ఒక ఉద్యోగము పోవునని అతడు దిగులుపడియుండెను. మేము కాగితముపై విభజించి చూపితిమి. మైదానమున చుట్టు 400 మీటర్లు; చుట్లు నాలుగు; చుట్టుకు తగ్గవలసినది మూడు సెకండ్లకన్న తక్కువ. నూరు సెకండ్ల చుట్టును 97కు తెచ్చుటయే పని. అంచె బంటు మొత్తము దారిని తలచి యుండడు, తన మజిలీనే తలచియుండును. కార్తికమున వారమునకు నాలుగు దినములు మూడేసి మైళ్ళు, పరుగెత్తుచు ప్రక్కవానితో మాటలాడగల వేగమున. వారవారమునకు కొంచెము పెంచుచు, ధనుర్మాసమున ఆదివారపు పరుగును పదిమైళ్ళకు చేర్చుట. సంక్రాంతి పిదప వారమున ఒకనాడు మాత్రము 400 మీటర్లను 95 సెకండ్లలో, నడుమ విరామమిచ్చి, ఆరు మారులు. నొప్పి తగిలిన దినమున విశ్రాంతి. పరీక్షకు ముందు పదిదినములు పరుగును సగమునకు తగ్గించుట. ఈ చివరిది చెప్పినప్పుడు అతడు మమ్ము నమ్మలేదు, ఇప్పటికిని నమ్మినట్లు లేదు.

ఒక నోటుపుస్తకము కొని తేదీ, దూరము, కాలము మూడు గళ్ళు గీచి యిచ్చితిమి. గత ఆదివారపు గడిలో తొమ్మిది మైళ్ళు, ఒక గంట ముప్పదిరెండు నిమిషములు అని యున్నది. ఎంపిక తేదీ ఇంకను వెలువడలేదు.