డ్యూయీ పేరు తీసేశారు, అంకెలు ఉంచారు

2019 జూన్‌లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన అత్యున్నత పతకం మీద నుంచి మెల్విల్ డ్యూయీ పేరు తొలగించాలని తీర్మానించింది. జాత్యహంకారం, యూదు ద్వేషం, ఆడవాళ్ళ పట్ల లైంగిక వేధింపులు అని తీర్మానంలోనే కారణాలు రాసింది. మన దగ్గర ఇది పెద్ద వార్త కాలేదు. లైబ్రరీ ఉద్యోగం చేసి రిటైరైన నాలాంటివాళ్ళ మధ్య మాత్రం కొంత చర్చ నడిచింది. ఒకాయన "ఎంత కృతఘ్నత!" అన్నాడు. అది భక్తి, దానికి జవాబు లేదు. ఇంకొకాయన "ఆ కాలం అలాంటిదండీ, ఇప్పటి కొలబద్దతో అప్పటి మనిషిని కొలవడం అశాస్త్రీయం" అన్నాడు. ఈ రెండో మాటే నన్ను కూర్చోబెట్టి రాయిస్తోంది. ఎందుకంటే అది హేతువాదిలా మాట్లాడుతుంది. వేదాల్లో విమానాలున్నాయని ఎవరన్నా అంటే మనం ఏం చేస్తాం? ఆధారం చూపమంటాం. ఇక్కడా అదే చేద్దాం.

ముందు ఆయన ఘనత చెప్పుకోవాలి. 1851లో పుట్టిన డ్యూయీ 1876లో, ఇంకా పాతికేళ్ళు నిండకుండానే, 44 పేజీల చిన్న పుస్తకం అచ్చువేశాడు. దాని మీద పేరు కూడా వేసుకోలేదు. జ్ఞానాన్నంతా 000 నుంచి 999 దాకా వెయ్యి గదులుగా విడగొట్టి, ప్రతి గదినీ దశాంశాలతో ఎంతైనా పెంచుకోవచ్చన్నాడు. అంతకు ముందు చాలా లైబ్రరీల్లో పుస్తకానికి బీరువా నంబరు, అర నంబరు ఉండేవి. బీరువా నిండితే నంబర్లన్నీ మార్చాల్సి వచ్చేది. డ్యూయీ నంబరు బీరువాది కాదు, పుస్తకంలోని విషయానిది. అందుకే అది ఊళ్ళు, దేశాలు దాటి మన జిల్లా కేంద్ర గ్రంథాలయం దాకా వచ్చింది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ స్థాపకుల్లోనూ ఆయన ఒకడు. అదీ 1876లోనే.

1883లో డ్యూయీ న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీ లైబ్రేరియన్ అయ్యాడు. అప్పటికి ఆ కాలేజీ మగవాళ్ళది. ఆయన వస్తూ వస్తూ వెల్లెస్లీ కాలేజీలో చదివిన ఆరుగురు అమ్మాయిల్ని సిబ్బందిగా పెట్టుకున్నాడు. 1887 జనవరిలో లైబ్రేరియన్ల శిక్షణకు బడి తెరిచాడు. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. మొదటి తరగతిలో 20 మంది చేరితే 17 మంది ఆడవాళ్ళు. కాలేజీ ధర్మకర్తలు మండిపడి తరగతి గది ఇవ్వలేదు. డ్యూయీ సామాన్లు పడేసే ఒక గది శుభ్రం చేయించి అందులోనే పాఠాలు మొదలుపెట్టాడు. రెండేళ్ళు తిరక్కుండానే కొలంబియా వదలాల్సి వచ్చి, ఆల్బనీలో న్యూయార్క్ రాష్ట్ర గ్రంథాలయానికి వెళ్ళాడు. 1889లో బడి కూడా ఆయన వెంటే వెళ్ళింది. ఇంతవరకు చదివితే ఈయన మన వీరేశలింగం గారికి అమెరికా తమ్ముడిలా కనిపిస్తాడు.

కొంచెం లోపలికి చూద్దాం. ఆడవాళ్ళకి లైబ్రరీ ఉద్యోగం ఎందుకు తగినదో డ్యూయీ 1886లో ఒక ఉపన్యాసమే ఇచ్చాడు. అందులోనే వాళ్ళకి మగవాళ్ళకంటే తక్కువ జీతం ఎందుకొస్తుందో కూడా వివరించాడు: ఆరోగ్యం అంత గట్టిది కాదట, వ్యాపార శిక్షణ ఉండదట, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతారట. చదువుకున్న మనిషి చవగ్గా దొరుకుతుంది, పుస్తకాలేమో కుప్పలుగా పెరుగుతున్నాయి. తలుపు తెరిచింది నిజం, లోపల కూర్చోబెట్టింది కింది బల్ల దగ్గరన్నదీ అంతే నిజం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయని ఆశ్చర్యపోయేవాళ్ళు మన సంఘసంస్కర్తల ఇళ్ళలోకి ఎప్పుడూ తొంగి చూడలేదన్నమాట.

ఇక్కడ ఒక పుకారు గురించి చెప్పాలి. ఆ బడిలో చేరే అమ్మాయిలు దరఖాస్తులో తమ ఛాతీ కొలత రాయాల్సి వచ్చేదని ఒక కథ దశాబ్దాలుగా తిరుగుతోంది. దీనికి ఆధారం లేదు. ఎత్తు, బరువు, కళ్ళ రంగు, జుట్టు రంగు, ఒక ఫోటో... ఇవి అడిగిన మాట మాత్రం నిజం. ఆ నిజం చాలదా? చెడ్డవాడి మీద చెప్పినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు. మనకి నచ్చని బాబా మీద వచ్చిన ప్రతి కథనీ వెరిఫై చెయ్యకుండా ఫార్వర్డ్ చేసే మన మిత్రులు కూడా ఇది గమనించాలి.

ఇంతకీ "ఆ కాలం అలాంటిది" అన్న వాదన సంగతి. 1905 వేసవిలో పోర్ట్‌లండ్‌లో అసోసియేషన్ మహాసభ జరిగింది. తర్వాత కొందరు సభ్యులు కలిసి అలాస్కా యాత్రకు వెళ్ళారు. ఆ ప్రయాణంలో డ్యూయీ పలువురు మహిళా లైబ్రేరియన్లతో అసభ్యంగా ప్రవర్తించాడు. వాళ్ళు ఊరుకోలేదు, చెప్పారు. దాని ఫలితంగా 1906లో, తాను స్థాపించిన సంఘం కార్యకలాపాల నుంచే ఆయన తప్పుకోవాల్సి వచ్చింది. 1906లో! మన దేశంలో ఇంకా వందేమాతరం ఉద్యమం నడుస్తున్న రోజులు. అమెరికాలో ఆడవాళ్ళకి దేశవ్యాప్తంగా ఓటు హక్కు రావడానికి ఇంకా 14 ఏళ్ళుంది. ఓటు లేని ఆ ఆడవాళ్ళు, తమ వృత్తికే తండ్రి అనిపించుకున్నవాడి మీద నోరు విప్పారు.

అదే 1905లో ఇంకో గొడవ. డ్యూయీ 1895లో మొదలుపెట్టిన లేక్ ప్లాసిడ్ క్లబ్బులో యూదులకి ప్రవేశం లేదని రాసిపెట్టుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వ జీతం తీసుకునే అధికారి ఇలాంటి క్లబ్బు ఎలా నడుపుతాడని యూదు ప్రముఖులు పిటిషన్ పెట్టారు. పైవాళ్ళు ఆయన్ని బహిరంగంగా మందలించారు. ఆ ఏడాదిలోనే ఆయన రాష్ట్ర లైబ్రేరియన్ పదవికి రాజీనామా ఇచ్చాడు. లాస్ ఏంజిలస్ లైబ్రరీకి ఒకప్పుడు అధిపతిగా ఉన్న టెస్సా కెల్సో 1924లో కూడా, మహిళా లైబ్రేరియన్ల పట్ల ఆయన ప్రవర్తన గురించి తీవ్రంగా ఫిర్యాదు చేసింది. 1930లో ఒక మాజీ స్టెనోగ్రాఫర్‌కి రెండు వేల డాలర్లకు పైగా ఇచ్చుకుని కేసు సర్దుబాటు చేసుకున్నాడు. 1931 డిసెంబరులో చనిపోయాడు.

కాబట్టి "ఇప్పటి కొలబద్ద" అన్న మాట చెల్లదు. అది అప్పటి కొలబద్దే. ఆ కాలం మనుషులే కొలిచి తప్పన్నారు. "ఆ కాలం" అన్నప్పుడు మనం ఎవరి కాలం గురించి మాట్లాడుతున్నాం? డ్యూయీ కాలం ఎంత ఆయనదో, ఆ స్టెనోగ్రాఫర్‌ది కూడా అంతే కదా.

మరి 1906లో తెలిసిన విషయం 2019 దాకా ఏమైంది? ఎవరో కుట్ర చేసి దాచలేదు. సంఘానికి ఒక వ్యవస్థాపకుడు కావాలి, వృత్తికి ఒక పటం కావాలి. ఫిర్యాదు చేసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, వాళ్ళ ఉత్తరాలు పెట్టెల్లోకి చేరాయి. 1950ల నుంచి ఆయన పేరు మీద పతకం ఇవ్వసాగారు. వేన్ వీగాండ్ అనే చరిత్రకారుడు ఆ పెట్టెలు తెరిచి, 1996లో డ్యూయీ జీవితచరిత్ర అచ్చువేశాడు. అప్పటికీ పతకం పేరు మారడానికి ఇంకో 23 ఏళ్ళు పట్టింది. లైబ్రరీవాళ్ళకే ఇలా జరిగింది చూడండి. కాగితాన్ని భద్రపరచడం, అడిగినవాడికి తీసి ఇవ్వడం తప్ప వేరే పని లేనివాళ్ళకి!

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. 1876 నాటి 44 పేజీల పుస్తకం ఇప్పుడు నాలుగు లావుపాటి సంపుటాలైంది (2011లో వచ్చిన 23వ ముద్రణ). దాన్ని పెంచింది ఎవరు? మొదటి శిక్షణ తరగతి విద్యార్థుల్లో ఒకరైన మే సీమోర్ 1891 నుంచి 1921లో చనిపోయేదాకా ముప్పై ఏళ్ళు ఆ పుస్తకానికి సంపాదకురాలు. ఆమె తర్వాత డోర్కస్ ఫెలోస్, 1930ల చివరిదాకా. కొత్త విజ్ఞాన శాస్త్రాలు పుట్టుకొస్తుంటే వాటికి చోటు వెతకడం, పాత నంబరు చెడకుండా కొత్త నంబరు ఇరికించడం, ఎక్కడెక్కడి లైబ్రరీల నుంచో వచ్చే ఉత్తరాలకి జవాబివ్వడం... ఇదంతా సామూహికంగా నడిచిన నిత్య చాకిరీ. పుస్తకం అట్ట మీద మాత్రం "డ్యూయీ దశాంశ". నేను లైబ్రరీ సైన్సు చదివినప్పుడు మే సీమోర్ పేరు ఒక్కసారీ వినలేదు. మా పాఠ్యపుస్తకంలో డ్యూయీ మహాశయుడు ఒక్కడే వెయ్యి చేతులతో ఉండేవాడు, విష్ణుమూర్తిలాగా.

ఆ పుస్తకంలో ఎవరి ప్రపంచం ఉందో చూడాలంటే 200 తరగతి చాలు. అది మతం. 220 నుంచి 280లన్నీ బైబిలూ క్రైస్తవమూ ఆక్రమించాయి. లోకంలోని మిగతా మతాలన్నీ చాలాకాలం 290లో ఇరుక్కుని కూచున్నాయి. అన్నట్టు మనం ఎక్కడున్నామో తెలుసా? స్వేచ్ఛాలోచన, హేతువాదం 211.4. నాస్తికత్వం 211.8. అంటే మతం బీరువాలోనే, దేవుడి గురించిన భావనల అరలో. గోరా పుస్తకాలు వెతుక్కుంటూ ఆ అర దగ్గరకి పోయి నవ్వుకున్న పాఠకులు నాకు తెలుసు.

మన విషయానికి వస్తాను. మనకి రంగనాథన్ ఉన్నారు. గణితం మాస్టారు, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. మొదట్లో ఆ ఒంటరి ఉద్యోగం భరించలేక మళ్ళీ పాఠాలు చెప్పుకుంటానని బతిమాలారట. ఇంగ్లండు వెళ్ళి లైబ్రరీలు చూసొచ్చాక మనిషే మారిపోయారు. 1931లో "గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలు" రాశారు. అయిదో సూత్రం, గ్రంథాలయం పెరిగే ప్రాణి అని. అందులో ఒక మాట మా వృత్తిలో చాలామంది పరీక్షకి చదివి మరిచిపోతారు: పెరిగేవి పుస్తకాలు మాత్రమే కాదు, పాఠకులూ సిబ్బందీ కూడా. మూడూ కలిస్తేనే లైబ్రరీ.

డ్యూయీ మీద ఉన్నలాంటి ఆరోపణలు రంగనాథన్ గారి మీద లేవు, పోలిక అది కాదు. నాకు పేచీ మన కథ చెప్పే పద్ధతితో. 1945 నుంచి 47 దాకా ఆయన బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సుమారు లక్ష పుస్తకాలకి దాదాపు ఒంటిచేత్తో వర్గీకరణ, కేటలాగు చేశారని ఆగస్టు 12 సభల్లో (ఆయన పుట్టినరోజుని లైబ్రేరియన్ల దినంగా జరుపుతారు) వక్తలు పరవశించి చెబుతారు. తపస్సు అంటారు. అంత పెద్ద విశ్వవిద్యాలయం ఆయన పక్కన నలుగురు శిక్షణ పొందిన మనుషుల్ని ఎందుకు పెట్టలేదని అడగరేం? అదే మనిషి 1962లో బెంగుళూరులో డాక్యుమెంటేషన్ శిక్షణ కేంద్రం మొదలుపెట్టి, నీలమేఘన్, గోపీనాథ్ వంటి సహచరులతో కలిసి చేసిన పని మీద ఉపన్యాసాలు తక్కువ. 1972లో ఆయన పోయాక కోలన్ వర్గీకరణ ఏడో ముద్రణ 1987లో గోపీనాథ్ సంపాదకత్వంలో వచ్చింది. ఒంటరి తపస్సు కథగా బాగుంటుంది కానీ, పని బతికేది ఇలా.

మన ఆంధ్ర గ్రంథాలయోద్యమానిదీ ఇదే తంతు. 1914లో బెజవాడలో సంఘం పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు పితామహులు. 1935లో కృష్ణా డెల్టా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించిన పాతూరి నాగభూషణం గారూ గుర్తున్నారు, గుర్తుండాలి కూడా. పడవకి తెడ్డు వేసినవాళ్ళ పేర్లు మాత్రం నాకు ఏ సావనీరులోనూ కనబడలేదు.

నేను పనిచేసిన ఒక కాలేజీ లైబ్రరీలో ఒక ఏడాది స్టాక్ వెరిఫికేషన్‌లో నలభై పుస్తకాలు తగ్గాయి. పెద్దాయన తలెత్తకుండానే తేల్చేశాడు, అటెండరు జీతంలోంచి కోయమని. పెద్దాయన మంచి పండితుడు, సంచికల నిండా ఆయన వ్యాసాలే. ఆయన గదిలోకి వెళ్ళి ఎదురు మాట్లాడడం అక్కడ ఆనవాయితీ కాదు. ఒక అసిస్టెంటమ్మాయి మాత్రం "సార్, ప్రొఫెసర్ల కార్డులు చూశారా?" అంది. చూస్తే సగానికి పైగా పుస్తకాలు సంతకం లేకుండా పట్టుకెళ్ళిన ప్రొఫెసర్ల ఇళ్ళలోనే ఉన్నాయి. కోత ఆగింది. వారం తిరక్కుండా ఆ అమ్మాయికి సాయంత్రం షిఫ్టు పడింది. రాత్రి ఎనిమిదింటి తర్వాత ఆమె ఊరికి బస్సు లేదని అందరికీ తెలుసు. ఆమె అడిగింది ఒక్క ప్రశ్న. అదీ సరైన ప్రశ్న, ఆధారంతో తేలిన ప్రశ్న. మనం సభల్లో "ప్రశ్నించండి" అని బ్యానరు కడతాం కదా, ఆఫీసులో ప్రశ్న ఖరీదు ఇదీ. ఆ తర్వాత ఆ లైబ్రరీలో రిజిస్టరు తప్పులు ఎవరి కంటా పడలేదు. తప్పులు జరగలేదని కాదు.

1906 నాటి అమెరికా లైబ్రేరియన్లకి ఉత్తరాలు రాయడం తప్ప వేరే దారి లేదు. మనకి ఇప్పుడు చట్టం ఉంది. రాజస్థాన్‌లో భన్వరీ దేవి మీద 1992లో జరిగిన అత్యాచారం తర్వాత వేసిన కేసులో, 1997లో సుప్రీం కోర్టు విశాఖ మార్గదర్శకాలిచ్చింది. 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలు మహిళ కావాలి. బయటి సభ్యులు ఒకరుండాలి. పదిమంది లేక కమిటీ వెయ్యని సంస్థ అయితే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ వినాలి. శాఖా గ్రంథాలయమంటే ఒకరో ఇద్దరో ఉద్యోగులు, ఒక కుర్చీ, నాలుగు బీరువాలు, మధ్యాహ్నం పూట పేపరు చదివే పెద్దమనుషులు. అక్కడ ఒంటరిగా కూర్చునే అమ్మాయికి ఏ కమిటీ వర్తిస్తుందో, దానికి ఎక్కడ రాయాలో ఆమెకి ఎవరన్నా చెప్పారా? ఈసారి పేపరు చదవడానికి వెళ్ళినప్పుడు, సరస్వతి పటం పక్కన గోడ మీద ఆ వివరాలు అంటించి ఉన్నాయేమో చూడండి. లేకపోతే జిల్లా గ్రంథాలయ సంస్థకి ఒక ఉత్తరం రాయండి. మన ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అడిగే హక్కు ఉంది.