పాపికొండలకు వెళ్తున్నారా? బోటెక్కే ముందు ఇవి తెలుసుకోండి

వీకెండ్ వస్తే గండిపోచమ్మ రేవులో సందడే. బోటెక్కేవారిలో చాలామందికి పాపికొండలంటే పిక్నిక్ స్పాట్. కానీ గోదావరికి రెండు ఒడ్డుల్లోనూ పరచుకున్న ఈ అడవి 1978 నుంచి అభయారణ్యం, 2008 నుంచి జాతీయ పార్కు. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. అడవిదున్నలు, చిరుతలు, కణుజులు ఇక్కడ తిరుగుతాయి. బోటు మీద డీజే పెడితే మాత్రం అవి ఒడ్డుకు రావు.

జాతీయ పార్కు అయితే ఏంటి తేడా?

వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం అభయారణ్యంలో కొన్ని షరతులతో పశువులను మేపుకోవచ్చు. జాతీయ పార్కులో అదీ కుదరదు. అడవిలోకి వెళ్లాలంటే అనుమతి కావాలి. నిప్పు పెట్టడం, జంతువులను అల్లరి పెట్టడమే కాదు, చెత్త పారేయడం కూడా చట్టప్రకారం నేరమే. చిప్స్ ప్యాకెట్‌కూ ఇది వర్తిస్తుంది.

మరి అక్కడి ఊళ్ల సంగతి?

కొండరెడ్లు, కోయలు తరతరాలుగా ఇక్కడివారే. పేరంటాలపల్లిలో శివాలయం దగ్గర మీరు కొనే వెదురు బొమ్మలు, పూలు కొండరెడ్ల చేతిపనే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం జాతీయ పార్కులకూ వర్తిస్తుంది కాబట్టి, పార్కుగా ప్రకటించినంత మాత్రాన వారి హక్కులు పోవు. వారికి అసలు ముప్పు నీటితోనే. పోలవరం పూర్తిస్థాయి నీటిమట్టం 45.72 మీటర్లు. కాఫర్ డ్యామ్ కట్టాక వరద సీజన్లో గండిపోచమ్మ ఆలయమే మునుగుతోంది. దేవీపట్నం వైపు ఊళ్లు ఖాళీ అయ్యాయి.

బోటు ప్రయాణం భద్రమేనా?

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు వద్ద బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ రోజు నదిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల దగ్గర. అంటే, హెచ్చరిక లేదన్నది ధైర్యం చెప్పే మాట కాదు. కొండల మధ్య నది ఇరుకవుతుంది, సుడులు తిరుగుతుంది. ఆ ప్రమాదం తర్వాతే రేవుల్లో కంట్రోల్ రూములు పెట్టి, తనిఖీ చేశాకే బోట్లను వదిలే ఏర్పాటు చేశారు.

కాబట్టి వర్షాకాలంలో ముందే ఫోన్ చేసి, ఆ రోజు బోట్లు తిరుగుతున్నాయో లేదో కనుక్కోండి. ఎక్కాక లైఫ్ జాకెట్‌ను పక్కన పెట్టుకోవడం కాదు, తొడుక్కోవాలి. పిల్లల సైజువి లేకపోతే ఎక్కడానికి ముందే అడగండి.