రైల్వే నమూనాలు - చిన్న స్టేషన్ల చరిత్ర

బొమ్మల కొలువు తీర్చడం మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న వేడుక. కొన్ని ప్రాంతాల్లో సంక్రాంతికి, మరికొన్నింట దసరాకు, మెట్ల వరుసలపై దేవతామూర్తుల సరసనే కొండపల్లి ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు కొలువుదీరుతారు. మెట్ల ముందు నేలపై ఇసుకపోసి, మెంతులు మొలిపించి పొలమనీ, అద్దంముక్క పెట్టి చెరువనీ చెప్పడం పిల్లల ముచ్చట. తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అవయవాలను అతికి కొండపల్లి కళాకారులు చేసే బొమ్మల్లో గ్రామజీవనమంతా కనిపిస్తుంది. అయితే ఆ బొమ్మల్లో మనిషికీ, ఇంటికీ, చెట్టుకూ మధ్య కొలతల పొంతన కుదరాలన్న నియమం లేదు. అది లోపం కాదు. ఆ కళ లక్ష్యం వేరు.

కొలతకు కట్టుబడి ఒక ప్రదేశాన్ని కుదించి చూపే మరొక కళ ఉంది. రైలుమార్గాన్నీ, దానివెంట ఉండే స్టేషను, వంతెన, సిగ్నలు, నీటితొట్టి, చుట్టుపక్కల ఇళ్ళనూ ఒక బల్లమీద నిలిపే కళ అది. చాలామంది దాన్ని తీరిక వేళల వినోదంగానే ఎరుగుదురు. చరిత్ర విద్యార్థినైన నాకు మాత్రం అది చరిత్రరచనకు సమీపబంధువుగా కనిపిస్తుంది. దేన్ని చూపాలి, దేన్ని విడిచిపెట్టాలి, ఏ కాలాన్ని చూపాలి అనే ప్రశ్నలు చరిత్రకారుని ఎదుట ఎలా నిలుస్తాయో, నమూనా నిర్మాత ఎదుట కూడా అలాగే నిలుస్తాయి.

కొలత నేర్పే పాఠం

'డయోరమా' అనే మాట 1822లో పారిస్ నగరంలో ప్రచారంలోకి వచ్చింది. ఛాయాచిత్రకళకు ఆద్యుల్లో ఒకడుగా తరువాత ప్రసిద్ధికెక్కిన లూయీ డాగెర్, పెద్ద తెరలపై చిత్రించిన దృశ్యాల మీద వెలుతురును మార్చుతూ చూపే ప్రదర్శనశాలకు ఆ పేరు పెట్టాడు. కాలక్రమేణా మ్యూజియాల్లో ఒక సన్నివేశాన్ని మూడు కొలతల్లో నిలిపి చూపే ప్రదర్శనలకు ఆ మాట స్థిరపడింది. బొమ్మరైళ్ళ పట్టాలకు ప్రామాణికమైన వెడల్పులు ఏర్పడటానికి 1891లో లైప్‌జిగ్ సంతలో జర్మనీ దేశపు మార్క్‌లిన్ సంస్థ ప్రదర్శించిన రైళ్ళు దోహదం చేశాయి. నేడు ప్రపంచంలో విస్తృతంగా వాడుకలో ఉన్న ప్రమాణం 'హెచ్‌ఓ'. అందులో ప్రతి వస్తువూ అసలు పరిమాణంలో 87వ వంతు ఉంటుంది.

ఈ లెక్క మన దేశానికి వర్తింపజేస్తే ఆసక్తికరమైన చిక్కులు ఎదురవుతాయి. 1853లో బొంబాయి - ఠాణాల మధ్య తొలి ప్రయాణికుల బండి నడిచినప్పటినుంచి మన ప్రధాన మార్గాల గేజి 5 అడుగుల 6 అంగుళాలు, అనగా 1676 మిల్లీమీటర్లు. ఇది మన దేశంలో ఒక సామాన్య పురుషుని ఎత్తుకు దగ్గరగా ఉండటం విశేషం. 87వ వంతుకు కుదిస్తే పట్టాల నడుమ దూరమూ, ప్లాట్‌ఫారంపై నిలిచిన మనిషి ఎత్తూ కూడా 19 మిల్లీమీటర్లకు కొంచెం పైన తేలుతాయి. కాని బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లే, అవి ఐరోపా, అమెరికాలలోని 1435 మిల్లీమీటర్ల గేజికి ఉద్దేశించినవి. మన బండిని వాటిపై నిలిపితే దాని నిలకడ తీరే మారిపోతుంది. మన మీటరు గేజికి మాత్రం 12 మిల్లీమీటర్ల పట్టాలు దాదాపుగా సరిపోతాయి.

రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 1900లో ప్రారంభమై, 1997లో రైళ్ళ రాకపోకలకు సెలవు చెప్పిన హేవ్‌లాక్ వంతెనను ఉదాహరణగా తీసుకుందాం. దానికి 56 ఖానాలు; ఒక్కొక్కటి 45 మీటర్ల పైచిలుకు. 87వ వంతుకు కుదించినా ఒక్క ఖానా అరమీటరు దాటుతుంది. మొత్తం వంతెనకు 29 మీటర్ల బల్ల కావాలి. ఏ ఇంట్లోనూ అంత చోటుండదు. కనుక నిర్మాత ఆరేడు ఖానాలతో సరిపెట్టుకుంటాడు. అయితే ప్రతి ఖానా కొలతనూ, స్తంభాల తీరునూ మార్చడు. సంఖ్య తగ్గించవచ్చుగాని స్వభావం మార్చరాదన్నది ఇందులోని నీతి. వెయ్యేళ్ళ కథను వంద పుటల్లో చెప్పవలసిన చరిత్రకారునికి కూడా ఇదే నీతి శిరోధార్యం.

ఒక లోయ కథ

కట్టడాల నమూనాలు చరిత్ర సాధనాలు కాగలవని నిరూపించిన వ్యక్తిగా ఆస్ట్రేలియా నుంచి 1925లో ఇంగ్లండుకు వచ్చిన రాయ్ ఇంగ్లండ్‌ను పేర్కొనాలి. ఆయన ముందుగా ఆకర్షితుడైనది రైళ్ళకు. కాని వైట్ హార్స్ లోయలోని పల్లెల్లో తిరుగుతున్నప్పుడు ఆయన గమనించిన సంగతి వేరు. శతాబ్దాలుగా నిలిచిన గడ్డికప్పుల ఇళ్ళు ఒక్కొక్కటే రూపు మార్చుకుంటున్నాయి. వాటిని ఆపే అధికారం ఆయనకు లేదు. అందుకని కొలతలు తీసుకొని, ఛాయాచిత్రాలు సేకరించి, ఆ ఇళ్ళను 76వ వంతు పరిమాణంలో అట్టతో కట్టడం ప్రారంభించాడు. గోడలోని ఇటుకలను వేర్వేరుగా గీసి రంగులద్దే పద్ధతి కనుక ఒక్కొక్క ఇంటికి నెలల తరబడి శ్రమ పట్టేది. 1954లో ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని లాంగ్ విటెన్‌హామ్ గ్రామంలో ఆయన నెలకొల్పిన పెండన్ మ్యూజియంలో, రెండు ప్రపంచయుద్ధాల నడుమనున్న ఆ లోయ గ్రామీణ జీవనం నేటికీ కొలువుదీరి ఉంది. 1995లో ఆయన కన్నుమూసిన తరువాత కూడా స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పని కొనసాగిస్తున్నారు.

ఆయన నమూనాకు ఎన్నుకున్నవి కోటలు కావు, రాజప్రాసాదాలు కావు. ఎవరూ స్మారకాలుగా భావించని సామాన్యుల ఇళ్ళు. గొప్ప కట్టడాలకు రక్షకులు ఎక్కడైనా దొరుకుతారు. మన దేశంలోనూ డార్జిలింగ్ కొండ రైల్వే 1999లో, ముంబయిలోని ఛత్రపతి శివాజీ టెర్మినస్ 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. 1977లో న్యూఢిల్లీలో ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియంలో పాత ఇంజన్లు, పెట్టెలు భద్రంగా ఉన్నాయి. పుణేలో బి.ఎస్. జోషి 1998లో నెలకొల్పిన సూక్ష్మ రైల్వేల మ్యూజియం ఈ కళను సామాన్య ప్రజలకు చేరువ చేసింది. ఇక మిగిలినది పల్లెపక్కనుండే చిన్న స్టేషను. దాని గతి ఏమిటి?

కనుమరుగైన కట్టడాలు

1992లో ప్రారంభమైన ఏకగేజి పథకం మన రవాణా వ్యవస్థకు చేసిన మేలు కాదనలేనిది. గుంటూరు - గుంతకల్లు, సికింద్రాబాదు - ద్రోణాచలం, సికింద్రాబాదు - మన్మాడ్ వంటి మీటరు గేజి మార్గాలన్నీ ఆ తరువాతి సంవత్సరాల్లో బ్రాడ్‌గేజికి మారాయి. జంక్షన్లలో సరుకును ఒక బండినుంచి మరొక బండికి ఎత్తే ప్రయాస తప్పింది. కాని పట్టాలతోపాటు పరిసరాలు కూడా మారాయి. ఇంజన్లకు నీరుపట్టే స్తంభాలు, చేయి వాల్చే సిగ్నళ్ళు, కిరసనాయిలు దీపాల గది, స్టేషనుమాస్టరు గదిలోని బంతి టోకెను యంత్రం, గంటగా వేలాడే పట్టాముక్క - ఇవన్నీ నిరుపయోగమై పాత ఇనుములోకి పోయాయి. 2023లో అమృత్ భారత్ పథకం కింద 508 స్టేషన్ల పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. ప్రయాణికులకు సౌకర్యాలు పెరగవలసిందే. అయితే కూల్చబోయే గోడను కూల్చేముందు కొలిచిపెట్టుకోవడానికి అయ్యే ఖర్చు స్వల్పం.

అట్టముక్కలతో ఒక ప్రయత్నం

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. మా అమ్మమ్మగారి ఊరి మీటరు గేజి స్టేషను నా బాల్యంలోనే రూపుమాసిపోయింది. కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి కొలువులో నిలపడానికి ఆ స్టేషను నమూనా కట్టాలని పూనుకున్నాను. ఆధారం ఒక్కటే - మేనమామను బండి ఎక్కించడానికి వెళ్ళినప్పుడు ఎవరో తీసిన ఛాయాచిత్రం.

చిత్రంలో కొలబద్ద లేదన్న దిగులు తొలుత కలిగింది. కాని స్టేషనులో కొలబద్ద ఎప్పుడూ ఉంటుంది. అది పట్టాల మధ్య దూరమే. దానికి సమీపంలోనున్న వస్తువుల పరిమాణం ఆ ఒక్క మీటరును బట్టి అంచనా కట్టవచ్చు. గోడకు సున్నపుపూత రాలినచోట ఇటుకల వరుసలు కనిపిస్తున్నాయి. ఒక వరుస ఎత్తు తెలిస్తే, వరుసలు లెక్కించి తలుపు ఎత్తు, తలుపును బట్టి చూరు ఎత్తు తేల్చవచ్చు. ఈ విధంగా కాగితంపై పటం గీసి, దళసరి అట్టతో గోడలు నిలిపాము. ముడతల అట్ట మంగుళూరు పెంకులైంది. జల్లెడపట్టిన ఇసుక కంకరైంది. వేపపుల్లలకు రంగువేసిన రంపపుపొట్టు అంటించి చెట్లు చేశాము. ఇత్తడితీగ సిగ్నలు నిచ్చెనగా మారింది.

కట్టడం పూర్తయ్యాక అది కొత్త బొమ్మలా మెరుస్తూ కనిపించింది. కట్టడానికి వయసు ఇవ్వడం ఈ కళలో చివరి, కష్టమైన ఘట్టం. చూరు కింద వాననీటి చారలు, ఇంజను ఆగేచోట బొగ్గుమసి, బల్లకు ఆనుకున్న గోడపై తలల జిడ్డుమరక - వీటిలో ప్రతి మచ్చకూ ఒక కారణం ఉండాలి. కారణం లేకుండా పూసిన మసి ఆధారం లేని వాక్యం వంటిది.

పండుగనాడు కొలువు చూడవచ్చినవారిలో ఆ మార్గంలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఒకరున్నారు. చాలాసేపు వంగి చూసి, ఆయన ఇలా అన్నారు: "స్టేషను అచ్చం అట్లాగే ఉంది బాబుగారూ. మరి మా కొట్టాలేవి?"

నా దగ్గర సమాధానం లేదు. గ్యాంగ్‌మన్ల ఇళ్ళు ఛాయాచిత్రం చట్రానికి బయట ఉన్నాయి. స్టేషనుమాస్టరు ఇంటిని మాత్రం ఒక మూల కనిపించినంత మేరకు ఊహించి కట్టాను. వారి ఇళ్ళు ఉండేవన్న ఊహ కూడా నాకు తట్టలేదు. ఆయన సుద్దముక్క తీసుకొని బల్లమీద కొట్టాల వరుస, బావి, పనిముట్ల గది గీసి చూపారు. మరుసటి ఏడాది ఆ గీతలపైనే వాటిని నిర్మించాము. పట్టాలను నిలిపినవారి ఇళ్ళు లేకుండా కట్టిన స్టేషను కొలతలకు సరిపోయినా చరిత్రకు సరిపోదని నాకు ఆనాడు తెలిసివచ్చింది.

ఏ సంవత్సరపు స్టేషను?

పాత స్టేషను అనగానే మనసులో ఒక తీపిదనం కలుగుతుంది. ఆ తీపిదనం నిర్మాతను దారితప్పించగలదు. నమూనాకు ఒక సంవత్సరం నిర్ణయించుకోవాలి; నిర్ణయించుకున్నాక ఆ సంవత్సరపు నిజాలకు తలవంచాలి. 1930ల నాటి స్టేషను కడితే, ఆనాడు మన దేశంలోని అనేక స్టేషన్లలో హిందువులకూ, ముస్లిములకూ వేర్వేరుగా తాగునీరు ఇచ్చేవారన్న సంగతి దాచరాదు. పైతరగతివారికి కుర్చీలున్న విశ్రాంతిగది, మూడవ తరగతివారికి రేకుల చావడి ఉండేవి. మూడవ తరగతి ప్రయాణికుల అవస్థలపై గాంధీజీ 1917లోనే గళమెత్తారు. ఈ రెండు నీటికుండలనూ, ఈ రెండు చావళ్ళనూ అంగుళం ఎత్తుకు కుదించి నిలిపినప్పుడు, పాఠ్యపుస్తకంలో వాక్యంగా చదివి మరచిపోయే విషయాన్ని పిల్లవాడు వేలుపెట్టి చూపి "ఇవి రెండెందుకు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టించగలగడమే నమూనా ప్రయోజనం.

ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. ప్రతి ఉన్నత పాఠశాలకు సమీపంలో ఏదో ఒక పాత కట్టడం, స్టేషనో, సత్రమో, లాకుల వద్ద కాపలాదారు ఇల్లో, తప్పక ఉంటుంది. అనుమతి తీసుకొని, ఒక టేపు, ఒక నోటు పుస్తకంతో విద్యార్థులు దాన్ని కొలవవచ్చు. అక్కడ పనిచేసిన వృద్ధులను పిలిచి, తాము గీసిన పటం చూపి, ఇందులో ఏమి లేదో చెప్పమని అడగవచ్చు. అట్టతో కట్టిన నమూనా నాలుగు వర్షాకాలాలకు పాడైపోవచ్చు. కొలతలు, ఆ వృద్ధుల మాటలు రాసుకున్న పుస్తకం నిలుస్తుంది. మా ఇంట కొలువు తీర్చిన ప్రతిసారీ అమ్మాయి మొదట పెట్టేది స్టేషను కాదు. బావి పక్కన ఆ ఆరు కొట్టాలు.