చుట్టుకొను చుట్ట

నా చిన్నతనమున మా ఐనవిల్లిలో లంకపొగాకు చుట్టలు చుట్టువారిని వేడుకతో చూచెడివాడను. ఆ పొగాకునకు వచ్చు మొజాయిక్ తెగులే వైరసుల చరిత్రకు నాంది.

1892లో రష్యా శాస్త్రజ్ఞుడు ఇవనోవ్‌స్కీ, తెగులుపట్టిన ఆకురసమును బాక్టీరియములు దూరలేని వడపోతలో వడగట్టెను. ఐనను దాని రోగశక్తి పోలేదు. అందలి వైరసు సూక్ష్మమగు చుట్టవంటిది: నడుమ ఆర్.ఎన్.ఏ. అను పోగు, చుట్టును సుమారు 2,130 మాంసకృత్తు తునకల కవచము.

1955లో కాలిఫోర్నియాలో ఫ్రాంకెల్-కాన్రాట్, విలియమ్స్ అనువారు ఈ రెంటిని విడదీసి, మరల కలిపిరి. ఎవరి చేయియు సోకకయే తునకలు పోగును చుట్టుకొనెను. ఆ వైరసు మొక్కలకు మరల తెగులు పుట్టించెను!

పోగు లేని కవచము రోగము తేనేరదు. కవచము లేని పోగు త్వరలో చెడును. ఆ కవచబలముననే యిది యెండిన పొగాకులోను నిలిచియుండును. కావున చుట్ట ముట్టిన చేయి కడుగక మిరపనారు తాకవలదని నా మనవి.